‘అట’ పలకని దృశ్యం: అడవి జీవుల ఐతిహ్యాలు, స్వల్పవ్యయ చలనచిత్రాలు

తెలుగులో ఒక సంగతిని చెప్పడానికి రెండు తోవలున్నాయి. “ఏటి ఒడ్డున దానిని చూశాడు” అనేది ఒకటి, “ఏటి ఒడ్డున దానిని చూశాడట” అనేది మరొకటి. రెండవ వాక్యం చివర చేరిన ఒక్క అక్షరం వక్తను ఆ సంఘటనకు సాక్షి కాకుండా తప్పిస్తుంది. చూసినవాడు వేరు, చెబుతున్నవాడు వేరు అని తేల్చుతుంది. ప్రాంతాన్ని బట్టి, మాట్లాడేవారిని బట్టి ఇది ‘ట’గా, ‘అట’గా, ‘అంట’గా వినిపిస్తుంది. ఉచ్చారణలో కొద్దిగా సాగదీస్తే చాలు, అదే ప్రత్యయం అపనమ్మకాన్నీ ఎగతాళినీ కూడా మోస్తుంది. ఉత్తమ పురుషతో ఇది సాధారణంగా పొసగదు. “పసితనంలో తెగ ఏడ్చేవాడినట” వంటి చోట్ల పొసగినా, తన సంగతిని తాను ఇతరుల నోట విన్నానని వక్త ఒప్పుకుంటున్నాడన్న మాట.

జానపద విజ్ఞానంలో ఐతిహ్యమనే ప్రక్రియ మొత్తం ఈ అక్షరం చుట్టూ తిరుగుతుంది. స్వీడిష్ పండితుడు ఫాన్ సిడో ‘మెమొరాట్’ అని పేరు పెట్టిన స్వానుభవ కథనంలో ‘అట’ ఉండదు. అది “చూశాను” అనే క్రియతో ముగుస్తుంది. ఆ అనుభవం రెండవ నోటికి చేరగానే ‘అట’ వచ్చి కూర్చుంటుంది, ఐతిహ్యం మొదలవుతుంది. కట్టుకథలోనూ “ఒక రాజు ఉండేవాడట” అనడం కద్దు. అయితే అక్కడ “ఎవరు చెప్పారు?” అని శ్రోత అడగడు. ఐతిహ్యంలో అడుగుతాడు. అడగడమే దాని జీవం. లిండా డేగ్ ఐతిహ్యాన్ని నమ్మకంగా కాక, నమ్మకం మీద సాగే వాదంగా నిర్వచించింది. నమ్మేవాడు, సందేహించేవాడు, ఎటూ తేల్చుకోలేనివాడు ముగ్గురూ ఉంటేనే ఆ కథనం నిలుస్తుందని ఆమె పరిశీలన.

చలనచిత్రానికి ఈ ప్రత్యయం లేదు. తుపాకీ బొమ్మ తెరపై కనిపిస్తే దాని అర్థం ‘తుపాకీ’ అనే పదం కాదనీ, ‘ఇదిగో తుపాకీ’ అనే వాక్యమనీ క్రిస్టియన్ మెట్జ్ వివరించాడు. దృశ్యం ఎప్పుడూ ‘ఇదిగో’ అంటుంది. ‘ఉందట’ అనడం దానికి చేతకాదు. మరి ‘అట’ మీద బతికే ఐతిహ్యం ‘ఇదిగో’ మాత్రమే పలకగల మాధ్యమంలోకి వచ్చినప్పుడు ఏమవుతుంది? అడవిలో తిరిగే వింతజీవుల గురించి అమెరికాలో కొద్దిపాటి డబ్బుతో తీసిన కొన్ని చిత్రాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరు పరిశీలనకు తగినది. ఈ చిత్రాలను గురించి తరచుగా వినిపించే వ్యాఖ్య ఒకటే: డబ్బు లేక జీవిని చూపలేదు, చూపకపోవడం వల్లనే భయం పుట్టింది అని. ఈ మాటలో సగమే నిజముంది. చూపడమా దాచడమా అన్నదానికంటే, చూసినట్టు చెప్పినవారిని చిత్రం ఏమి చేసిందన్నది పెద్ద ప్రశ్న.

స్వల్పవ్యయం, వింతజీవులు అనగానే తెలుగు పాఠకునికి బి. విఠలాచార్య గుర్తుకు రావడం సహజం. ‘జగన్మోహిని’ (1978) వంటి చిత్రాలలో దెయ్యాలు నిండుగా, నిస్సంకోచంగా తెరకెక్కుతాయి. వాటికి నష్టమేమీ లేదు. ఎందుకంటే అవి కట్టుకథ ప్రక్రియకు చెందినవి. ఆ రాజ్యం ఎక్కడుందని అడిగేవారు లేరు కనుక సాక్షి అవసరం లేదు, ‘అట’కు ఆధారం వెతకనక్కరలేదు. ఇక్కడ చర్చిస్తున్న చిత్రాలకు ఆ వెసులుబాటు లేదు. అవి ఊరి పేరు చెబుతాయి, ఏటి పేరు చెబుతాయి, మనుషుల పేర్లు చెబుతాయి.

బాగీ క్రీక్: ఊరివారు, కథకుడు

ఆర్కన్సా రాష్ట్రానికి నైరుతి మూలన, మిల్లర్ కౌంటీలో, సల్ఫర్ నది పల్లపు అడవుల అంచున ఫౌక్ అనే చిన్న ఊరు ఉంది. 1971 మేలో అక్కడ అద్దెకు దిగి వారం కూడా కాని ఒక కుటుంబం, రాత్రివేళ రోమాలతో నిండిన ఏదో జీవి తమ ఇంటిపై దాడి చేసిందని ఫిర్యాదు చేసింది. బాబీ ఫోర్డ్ అనే యువకుడు గీతలతో, దిగ్భ్రాంతితో ఆసుపత్రికి చేరాడు. టెక్సర్కానా పత్రికలో వార్త వచ్చింది, ఆ జీవికి ‘ఫౌక్ మాన్‌స్టర్’ అన్న పేరు స్థిరపడింది. మరుసటి నెలలో ఒక సోయా చిక్కుడు చేనులో మూడు వేళ్ల అడుగుజాడలు కనిపించాయి. వాటిని పరిశీలించిన పురావస్తు శాస్త్రవేత్త ఫ్రాంక్ షాంబాక్ అవి బూటకం కావడానికే ఎక్కువ అవకాశముందని తేల్చాడు. ఊరి మాట మాత్రం ఆగలేదు.

టెక్సర్కానాలో ప్రకటనల వ్యాపారం చేస్తున్న చార్లెస్ బి. పియర్స్ ఈ మాటలనే ముడిసరుకుగా తీసుకున్నాడు. స్థానిక ట్రక్కుల సంస్థ ఒకటి పెట్టుబడి పెట్టింది. కథనాన్ని ఎర్ల్ ఇ. స్మిత్ రాశాడు. సుమారు 1,60,000 డాలర్లతో తయారైన ‘ది లెజెండ్ ఆఫ్ బాగీ క్రీక్’ 1972లో విడుదలై రెండు కోట్ల డాలర్లకు మించి వసూలు చేసిందట (ఈ లెక్కకు సైతం ‘అట’ తగిలించడమే క్షేమం). ఊరివారు పలువురు తమ పాత్రలను తామే ధరించారు. మరికొందరి పాత్రలు ఇతరులు వేశారు. నటన తెలియనివారు తమ భయాన్ని తామే మరొకసారి అభినయించిన చిత్రమిది.

చిత్రం తొలి నిమిషాలలో కథ లేదు. నీళ్లు, తాబేళ్లు, పక్షులు, నీటిలో మునిగిన చెట్ల మొదళ్లు కనిపిస్తాయి. తరువాత ఒక బాలుడు పొలాలకు అడ్డంపడి పరుగెత్తుకుంటూ వస్తాడు. అంగడి దగ్గర కూర్చున్న పెద్దవాళ్లకు, అడవిలో వెంట్రుకల మనిషి కనిపించాడని తల్లి చెప్పి పంపిందని చెబుతాడు. వాళ్లు తేలికగా తీసుకుంటారు. ఇంటికి తిరిగి వెళ్లే బాలునికి దూరాన ఒక అరుపు వినిపిస్తుంది. ఐతిహ్యం పుట్టే క్రమం ఈ కొద్ది నిమిషాలలో పూర్తిగా ఉంది: చూసిన తల్లి తెరపై లేదు, చెప్పిన కొడుకు చూడలేదు, విన్న పెద్దలు నమ్మలేదు. తెలుగులో చెప్పవలసి వస్తే ఆ బాలుని వాక్యం తప్పనిసరిగా ‘అట’తోనే ముగుస్తుంది.

ఆ తరువాత వర్న్ స్టియర్మన్ గొంతుతో సాగే వ్యాఖ్యానం ఒక్కొక్కరి అనుభవాన్ని వరుసగా చెబుతుంది: ఫలానా వ్యక్తి, ఫలానా చోట, వేటకు వెళ్లినప్పుడు, లేదా పెరట్లో నిలుచున్నప్పుడు. దృశ్యం ‘ఇదిగో’ అంటుంటే వ్యాఖ్యానం ‘అట’ అంటుంది. చిత్రానికి ప్రాణం ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే ఉంది. జీవిని పియర్స్ పూర్తిగా దాచలేదన్నది ఇక్కడ గమనించాలి. పొదల చాటున, దూరాన, చీకటిలో వేషధారి పలుమార్లు కనిపిస్తాడు. అది వేషమని ప్రేక్షకునికి తెలుస్తూనే ఉంటుంది. అయినా చిత్రం చెడలేదు. ఎందుకంటే అక్కడ కనిపిస్తున్నది జీవి కాదు, సాక్షి చెప్పిన మాట. వేషం నాసిగా ఉండడం సాక్ష్యానికి భంగం కలిగించదు. నాటు బొమ్మ చేతపట్టుకుని కథ చెప్పే కళాకారుని బొమ్మ అందంగా లేదని ఎవరూ లేచిపోరు.

సందేహించేవానికి ఈ చిత్రం ఇచ్చిన చోటు మరింత విలువైనది. ట్రావిస్ క్రాబ్‌ట్రీ అనే కుర్రవాడు పడవ వేసుకుని, పల్లపు అడవిలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉంటున్న హెర్బ్ జోన్స్‌ను చూడబోతాడు. ప్రమాదవశాత్తు తన తుపాకీతోనే పాదంలో కొంత భాగం పోగొట్టుకున్న మనిషి అతడు. ఆ జీవి తిరిగే చోటనే బతుకుతున్న అతడు, అలాంటిదేదీ తాను చూడలేదని, నమ్మనని నింపాదిగా చెబుతాడు. వ్యాపార చిత్రంలో ఇటువంటి మాటను కత్తిరించడం సులువు. పియర్స్ కత్తిరించలేదు. డేగ్ చెప్పిన వాదంలో రెండవ పక్షం అలా నిలిచింది.

ఇంత మెచ్చుకున్న తరువాత చిత్రంలోని లోపాన్నీ చెప్పక తప్పదు. వ్యాఖ్యాత ఉత్తమ పురుషలో మాట్లాడతాడు. తొలి దృశ్యంలోని బాలుడు తానేనని, ఆ అరుపు ఏడేళ్ల వయసులో విన్నానని అంటాడు. ఈ ‘జిమ్’ కల్పిత పాత్ర. బాలుని వేషం వేసినది దర్శకుని కుమారుడే. ఇక్కడ ఒక తలకిందుల వ్యవహారం జరిగింది. నిజంగా ఆ ఊళ్లో ఉండి “చూశాను” అన్నవారి మాటలన్నీ ‘అట’తో కూడిన పరోక్ష కథనాలుగా మారాయి. చిత్రమంతటిలో ‘అట’ లేకుండా “విన్నాను” అని పలికే అధికారం ఊళ్లో లేని కల్పిత వ్యక్తికి దక్కింది. ఊరి కథకు హక్కుదారు ఎవరన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. చిత్రంలో తన పాత్రను తానే ధరించిన స్మోకీ క్రాబ్‌ట్రీ 1974లో ఆ జీవి గురించి సొంతంగా ఒక పుస్తకం వెలువరించాడు. ఉత్తమ పురుషను తిరిగి పుచ్చుకున్న చర్యగా దానిని చదవవచ్చు.

మరొక అంశంపై విమర్శకుల దృష్టి పెద్దగా నిలవలేదు. ఈ చిత్రంలో భయం కలిగేది అడవి నడుమ కాదు, ఇళ్లలో. పలుచని గోడలు, తెరచిన కిటికీ, వసారా, స్నానాలగది. మగవారు లేని రాత్రి స్త్రీలు, పిల్లలు ఒక గదిలో చేరి వింటుంటారు. ఒక పిల్లి పిల్ల భయంతోనే చచ్చిందని చెబుతారు. చివరి భాగంలోని ఫోర్డ్ కుటుంబం అద్దెకు వచ్చినవారు. కొత్త చోటు, పొరుగు తెలియదు, తలుపుకు బయట ఏదో ఉంది. స్టూడియోలో గది నిర్మించే స్తోమత ఉన్న నిర్మాతకు ఈ బీదతనం ఒక అలంకరణ అయ్యేది. ఇక్కడ చిత్రపు పేదరికమూ ఆ ఇళ్ల పేదరికమూ ఒకే ఫ్రేములో ఉన్నాయి. ఫౌక్ ఐతిహ్యం అరణ్యం గురించి ఎంత చెబుతుందో, సరైన తలుపు లేని ఇంటి గురించి అంత చెబుతుంది. అయితే ఫోర్డ్ ఘట్టాన్ని నిడివి పెంచి, తుపాకులతో, కేకలతో నడిపినప్పుడు వ్యాఖ్యానం వెనుకపడింది. ‘అట’ తొలగింది, మామూలు భయానక చిత్రం మిగిలింది. అంతవరకు కాపాడిన ఎడం అక్కడ మూసుకుపోయింది.

1985లో పియర్స్ స్వయంగా తీసిన కొనసాగింపు చిత్రంలో ఈ పతనం పూర్తయింది. అందులో ఒక ఆచార్యుడు (ఆ పాత్ర పియర్సే వేశాడు) విద్యార్థులను, యంత్రసామగ్రిని వెంటబెట్టుకుని జీవిని వెతకబోతాడు, కనిపెడతాడు కూడా. సాక్షుల స్థానంలో పరిశోధకుడు వచ్చాడు. పరిశోధకులు చదివే పత్రికలో ఈ మాట అనడం ఇబ్బందే అయినా, చిత్రం చెడినది అక్కడే.

తేలని ‘ఇదిగో’

ఐతిహ్యాన్ని దృశ్యం తేల్చివేస్తుందన్న అభిప్రాయానికి 1967 నాటి ఒక చిత్రఖండం సమాధానం. ఆ ఏడాది అక్టోబరు 20న ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అద్దెకు తెచ్చిన 16 మిల్లీమీటర్ల కెమెరాతో, నిమిషానికి లోపు నిడివిలో, నడిచివెళుతూ వెనుదిరిగి చూసిన ఒక ఆకారాన్ని చిత్రించారు. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు. శుద్ధమైన ‘ఇదిగో’. వాదం ముగియాలి. కానీ అర్ధశతాబ్దం దాటినా అది తేలలేదు. ప్రేక్షకులు బొమ్మను వదిలి, బొమ్మ తీసినవాని గుణగణాలను పట్టుకున్నారు. తానే ఆ తోలు తొడుక్కుని నడిచానని ఒక వ్యక్తి తరువాత చెప్పుకున్నాడు. ఆ ప్రాంతంలోనే 1958లో కనిపించి, ‘బిగ్‌ఫుట్’ అనే పేరుకు ప్రచారం తెచ్చిన అడుగుజాడలు చెక్క పాదాలతో రే వాలెస్ వేసినవని 2002లో అతడు మరణించాక అతని కుటుంబమే చెప్పింది. దృశ్యం ‘అట’ను పలకలేదు, నిజమే. దాని చుట్టూ ఉన్న సమాజం పలుకుతుంది. “తీశాడట” అన్న క్షణంలో చిత్రం మళ్లీ ఐతిహ్యమైపోయింది.

ఈ మెలకువను ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) దర్శకులు డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ బాగా గ్రహించారు. బాగీ క్రీక్ ప్రభావం తమపై ఉందని మైరిక్ చెప్పాడు కూడా. అయితే వారి దారి వేరు. ఊరు నిజమైనది, మేరీల్యాండ్ రాష్ట్రంలోని బర్కిట్స్‌విల్. ఐతిహ్యం మాత్రం పూర్తిగా కల్పితం. 1997 అక్టోబరులో కేవలం ఎనిమిది రోజులు చిత్రీకరణ జరిగింది. ముగ్గురు నటులు తమ సొంత పేర్లతోనే పాత్రలై, కెమెరాలు తామే మోశారు. మొదటి భాగంలో ఊరివారిని ప్రశ్నించే దృశ్యాలున్నాయి. ఆ ఊరివారిలో దర్శకులు ముందుగా నిలిపినవారు కొందరున్న సంగతి నటులకు తెలియదు. ఒక తల్లి మంత్రగత్తె కథ చెబుతుంటే, చంకలోని పసిపాప ఆమె నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది. ఎవరూ రాసి ఇవ్వలేని ఆ క్షణంలో, లేని ఐతిహ్యానికి ఊపిరి వచ్చింది.

చిత్రాంతంలో ఒకడు పాడుపడిన ఇంటి నేలమాళిగలో గోడవైపు ముఖం పెట్టి మూలన నిలుచుంటాడు. ఆ దృశ్యాన్ని విడిగా చూస్తే అందులో భయపడవలసినది ఏమీ లేదు. ఒక మనిషి, ఒక గోడ. పిల్లలను జంటగా తెచ్చి, ఒకరిని చంపుతూ మరొకరిని మూలకు తిప్పి నిలబెట్టాడన్న మాట చిత్రారంభంలో ఊరి నోట విన్నవాడికే గుండె జల్లుమంటుంది. అంటే ఇక్కడ ‘ఇదిగో’కు అర్థమిచ్చినది గంట కిందట విన్న ‘అట’. ఇది చిన్న విషయం కాదు. మంత్రగత్తెను చూపకపోవడం ఈ చిత్రపు గొప్ప అని రాసినవారు ఆమె గురించి ఎంత వినిపించారో లెక్కించలేదు.

కానీ ఈ విజయానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది వేరే లెక్క. నటులు నిజంగా తప్పిపోయారన్నట్టు ప్రచారం జరిగింది. ప్రధాన నటి తల్లికి సానుభూతి లేఖలు అందాయి. కొద్దిమంది మాత్రమే నివసించే ఆ ఊరి పేరున్న బోర్డులను వచ్చినవారు ఎత్తుకుపోయారు. చిత్రం 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయగా, తమకు న్యాయమైన వాటా అందలేదని ముగ్గురు నటులు 2024లో సైతం బహిరంగంగా కోరవలసి వచ్చింది. ఫౌక్‌లో ఐతిహ్యం ఊరిది, పేరు ఊరిది. ఆ ఊరిలో నేడు ‘మాన్‌స్టర్ మార్ట్’ అనే దుకాణమైనా ఉంది, కథ మీద వచ్చే పది డాలర్లు అక్కడివారికే దక్కుతాయి. బర్కిట్స్‌విల్‌కు తనది కాని కథ అంటుకుంది. ‘అట’కు మూలం లేనప్పుడు దాని బరువు ఆ పేరు మోసేవారి మీద పడింది.

నార్వే చిత్రం ‘ట్రోల్ హంటర్’ (2010) ఈ చర్చలో పక్కగా నిలుస్తుంది. అక్కడి ట్రోల్‌లు ఆస్బ్యోర్న్‌సెన్, మో సేకరించిన కథల నుంచి వచ్చినవి. చిత్రం వాటిని నిండుగా చూపి, వాటి ఉనికిని ప్రభుత్వమే దాస్తున్నదని పరిహసిస్తుంది. అది సరదా అయిన చిత్రం. సాక్షి సమస్య దానికి లేదు.

గుడారంలో వినికిడి

బాబ్‌క్యాట్ గోల్డ్‌త్వైట్ తీసిన ‘విల్లో క్రీక్’ (2013) పేరుకు బిగ్‌ఫుట్ చిత్రం. ప్యాటర్సన్ చిత్రించిన చోటును వెతుకుతూ జిమ్, కెల్లీ అనే జంట బయలుదేరుతుంది. అతడు నమ్ముతాడు, ఆమె నమ్మదు. విల్లో క్రీక్ పట్టణంలోని విగ్రహాలు, బిగ్‌ఫుట్ పేరుతో అమ్మే తిండి, బిగ్‌ఫుట్‌ను నమ్మే అసలైన స్థానికులతో సంభాషణలు మొదటి సగాన్ని నింపుతాయి. హాస్యనటునిగా పేరున్న దర్శకుడు వారిని ఎగతాళి చేయలేదన్నది చెప్పుకోదగినది. “చూశాడట” అనడంలో ఉండే వెటకారానికి ఎంతో అవకాశమున్న చోట అతడు సంయమనం పాటించాడు.

రాత్రి గుడారంలో కెమెరాను నిలబెట్టి, దాదాపు 19 నిమిషాలు ఒకే షాటుగా ఇద్దరి ముఖాలను చూపిన దృశ్యం ఈ తరహా చిత్రాలలోకెల్లా ఆలోచింపజేసేది. అంతకుముందే అతడు పెళ్లి ప్రస్తావన తెస్తాడు. ఆమె వెంటనే ఒప్పుకోదు. ఆ ఇబ్బంది ఇంకా గాలిలో ఉండగానే దూరాన కట్టెపై కట్టె కొట్టిన చప్పుడు వినిపిస్తుంది. తరువాత అరుపు, తరువాత స్త్రీ ఏడుపు వంటిది. గుడారపు గుడ్డ కదులుతుంది. బయట ఏముందో ప్రేక్షకునికీ తెలియదు, వారికీ తెలియదు. ఇక్కడ దర్శకుడు దృశ్యాన్ని సాక్షి ముఖానికే పరిమితం చేశాడు. వింటున్న మనిషిని చూడడం తప్ప ప్రేక్షకునికి మరొక ఆధారం లేదు. నమ్మినవాడూ నమ్మని ఆమే ఒకే శబ్దాన్ని వింటున్నారు. డేగ్ చెప్పిన వాదం రెండు అడుగుల గుడ్డ గదిలో, మాటలు లేకుండా, రెండు జతల కళ్లలో నడుస్తుంది. పియర్స్ వ్యాఖ్యానంతో సాధించిన ఎడాన్ని గోల్డ్‌త్వైట్ వ్యాఖ్యాత లేకుండానే సాధించాడు. తరువాతి ముగింపు ఆ స్థాయిలో లేదు.

ఈ చిత్రాల చర్చ తెలుగు క్షేత్రపరిశోధనకు దూరమైనది కాదు. ఊళ్లలో ఐతిహ్యాలను సేకరించి అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు, ప్రతి వాక్యం చివరా వచ్చే ‘అంట’ను మాటతీరులోని పునరుక్తిగా భావించి తొలగించే ప్రలోభం సంపాదకునికి కలుగుతుంది. “చెట్టు కింద కనపడిందంట, ఈయన పలకరించిండంట” అన్నది “చెట్టు కింద కనిపించింది, ఈయన పలకరించాడు” అయితే పుట సాఫీగా ఉంటుంది. అయితే చెప్పిన వృద్ధురాలు తాను మోయనన్న బాధ్యతను అచ్చు ఆమె తలపై పెట్టినట్టవుతుంది. ఎవరి అనుభవం ఎన్ని నోళ్లు దాటి వచ్చిందో తెలిపే జాడ చెరిగిపోతుంది. వీడియోలో చిత్రించినప్పుడు చిక్కు మరొక రకం. కథ చెప్పే వ్యక్తి ముఖం మీద నుంచి కెమెరాను తిప్పి, ఆమె చెబుతున్న చెట్టునో గుట్టనో చూపితే, ‘ఉందట’ మీద ‘ఇదిగో’ వచ్చి పడుతుంది. పియర్స్ చిత్రంలో ఫోర్డ్ ఘట్టం దగ్గర జరిగినది ఇదే.

ఆ చిత్రపు చివరి దృశ్యంలో పెద్దవాడైన జిమ్ పాడుపడిన తన చిన్ననాటి ఇంటికి తిరిగి వస్తాడు. కిటికీలు లేవు, గడ్డి పెరిగింది. అతడు కల్పిత వ్యక్తి అన్నది నిజమే. అయినా అడవిలో ఇంకా ఎంతో కొంత మిగిలి ఉందని తెలియడానికి ఆ అరుపును మరొకసారి వినాలని ఉందంటాడు. చూడాలని అనడు.